రాళ్ళమీద మిగిలిన పేర్లు: అమరావతి మ్యూజియం చూసిన తర్వాత

మ్యూజియానికి వెళ్ళే మనలో చాలామంది చరిత్రను ప్రశ్నించడానికి వెళ్ళం, చరిత్రను చూసి గర్వపడటానికి వెళతాం. శిల్పాల ముందునుంచి మెల్లగా నడిచి, మన పూర్వులెంత గొప్పవారని ఒక మాట అనుకొని, బయటికి వచ్చి టీ తాగి బస్సెక్కుతాం. ఇందువల్ల వచ్చే నష్టమేమిటని కొందరు అడగవచ్చు. "మన పూర్వులు" అన్న ఒక్కమాటలో రాజూ, రాళ్ళు మోసిన కూలీ, వడ్డీకిచ్చిన శ్రేష్ఠీ, ఆ వడ్డీ కట్టిన నేతగాడూ అందరూ కలిసిపోతారు. రెండువేల యేళ్ళనాటి సమాజంలో యెవరి శ్రమ యెవరి చేతికి చేరిందన్న ప్రశ్న పుట్టకుండానే పోతుంది. గతాన్ని యిలా ఒకే ముద్దగా చేసి చూపడం నేటి పాలకవర్గాలకు యెంత సదుపాయమో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇటీవల నేను అమరావతి మ్యూజియం చూశాను. చరిత్ర బోధించే మిత్రుడొకరూ, ఆయన విద్యార్థులు నలుగురైదుగురూ నాతో వున్నారు. కృష్ణ కుడిగట్టున, మహాచైత్యం దిబ్బకు దగ్గరలో వున్న యీ మ్యూజియం పెద్దదేమీ కాదు. భారత పురావస్తుశాఖ దీన్ని నిర్వహిస్తోంది. విరిగిన స్తంభాలు, పద్మాలు చెక్కిన రాళ్ళు, పూర్ణఘటాలు, ధర్మచక్రాలు, బోధివృక్షాన్ని పూజించే స్త్రీపురుషులు, చుట్టుపక్కల గ్రామాల్లో దొరికిన బుద్ధ ప్రతిమలు – క్రీ.పూ. 3వ శతాబ్ది మొదలు క్రీ.శ. 12వ శతాబ్ది దాకా యీ ప్రాంతం మిగిల్చిన వస్తువులు అక్కడున్నాయి. ఒక పలకముందు ఆగిన విద్యార్థి ఒకడు, "ఇవన్నీ శాతవాహనులు కట్టించినవే కదండీ మాస్టారూ?" అన్నాడు.

ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. మన పాఠ్యపుస్తకాలు చెప్పేదదే. "శాతవాహనుల శిల్పకళ", "ఇక్ష్వాకుల నిర్మాణాలు", "కాకతీయుల దేవాలయాలు" – కళకూ కట్టడానికీ యెప్పుడూ రాజవంశమే యింటిపేరు. శ్రీశ్రీ "దేశచరిత్రలు" చదివిన విద్యార్థులు మనకు వేలమంది వున్నారు. దాన్ని ఆవేశంతో చదివే నోళ్ళే పరీక్షపేపరు మీద రాజుల జాబితా రాసి వస్తున్నాయి. ఆ కవితలోని ప్రశ్నను రాళ్ళముందు నిలబడి వేస్తే యేమవుతుందో చూడాలనే యీ వ్యాసం.

అమరావతి రాళ్ళమీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చిన్నచిన్న శాసనాలున్నాయి. అవి ప్రశస్తులు కావు. చాలావరకు ఒకటి రెండు పంక్తులు: ఫలానావారి దానం యీ స్తంభం, ఫలానావారి దానం యీ పలక. వీటిని బర్జెస్ కాలం నుంచి పండితులు చదువుతూ వచ్చారు. మద్రాసు మ్యూజియంలోని వాటిని శివరామమూర్తి తమ 1942 నాటి గ్రంథంలో సమకూర్చారు. వీటిని వరసగా చదివితే మనకు కనిపించే మనుషులు యెవరు? గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాలమ్మే గంధికులు, కోశాగారపు లెక్కలు చూసే హిరణ్యకులు, రాజుదగ్గర రాతపని చేసే లేఖకుడు, నీళ్ళశాల చూసే పానీయఘరికుడు, వర్తకస్త్రీ, భిక్షువులు, భిక్షుణులు, కూతుళ్ళతో కలిసి దానంచేసిన సన్యాసినులు. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో కలిసి ఒక రాతిపలక యిచ్చిన "దమిళ" కణ్హుడున్నాడు. అంటే తమిళదేశం వాడన్నమాట. ధాన్యకటక నిగమం, అనగా ఆ పట్టణపు వర్తక సంఘం, తనపేర తాను దానం చేసింది. మ్యూజియంలోని నిలువురాతి మీద బుద్ధుడి జీవితఘట్టాలు చెక్కి, వాటికింద వైశాలి మొదలైన పేర్లు రాసి వున్నాయి. ఆ పేర్లలోనే ధాన్యకటకపు "గోష్ఠి" ఒకటి కనిపిస్తుంది. గోష్ఠి అంటే సభ్యులు కలిసి నడుపుకొనే ఒక సంఘమే.

మరి రాజు యెక్కడున్నాడు? వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు ఒక శాసనంలో వుంది. దాన్ని పూర్తిగా చదవండి. పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రాన్ని నెలకొల్పినవాడు ఒక గృహపతి. తన కుటుంబంతో కలిసి నెలకొల్పాడు. రాజుపేరు అక్కడికి కాలం చెప్పడానికి వచ్చింది. మనం ఉత్తరంమీద తేదీ వేసినట్లు ఆ గృహపతి తన దానంమీద రాజుపేరు వేశాడు. తరవాతి చరిత్రకారులు తేదీని కర్తగా మార్చి, కర్తను మరిచిపోయారు.

ఇంకొక శాసనం దగ్గర మా మిత్రుడు చాలాసేపు మాట్లాడారు. ఆ శాసనమున్న రాయి మాకెదురుగా లేకపోయినా, అలాంటి పూర్ణఘటం చెక్కిన రాళ్ళు మా యెదుట వున్నాయి. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు, చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటపు పలకను దానం చేశాడని అందులో వుంది. చర్మకారుడు! తోలుపని చేసేవాడు! అతని తండ్రి ఉపాధ్యాయుడు. ఆనాటి ఆంధ్రదేశంలోకెల్లా పూజ్యమైన కట్టడంమీద తన వృత్తిపేరుతో సహా తన పేరు చెక్కించుకున్నాడు. వృత్తిని దాచుకోవలసిన అవసరం అతనికి కలగలేదు.

దీన్నుంచి ఆనాడు కులం లేదనీ, సమాజంలో సమానత్వం వెల్లివిరిసిందనీ చెప్పడానికి పూనుకుంటే అది మరో రకం గర్వమే అవుతుంది. ఒక్క శాసనం అంత బరువు మోయలేదు. కాని ఒక సంగతిని మాత్రం అది తిరుగులేకుండా రుజువు చేస్తోంది. తోలుపని చేసేవాణ్ణి గుడిబయట నిలబెట్టడం సనాతనమైనదీ, అనాదినుంచి వస్తున్నదీ అనే వాదం అబద్ధం. అంటరానితనానికి ఒక పుట్టుక వుంది, ఒక కాలం వుంది, కొన్ని కారణాలున్నాయి. పుట్టినదానికి చావు కూడా వుంటుంది. అంబేద్కర్ 1948లో అంటరానితనపు పుట్టుకను బౌద్ధ బ్రాహ్మణ సంఘర్షణతో ముడిపెట్టి చర్చించారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. ఆయన సిద్ధాంతంలోని ప్రతి అంశాన్నీ మనం అంగీకరించినా అంగీకరించకపోయినా, విధికుని పలక ఆ చర్చలో సాక్షిగా నిలబడుతుంది. మా విద్యార్థుల్లో ఒకడు ఆ పేరును రెండుసార్లు పలికి తన నోటుబుక్కులో రాసుకున్నాడు. పులుమావి పేరు యెవరూ రాసుకోలేదు.

ఇక్కడ అభ్యుదయవాదులు మరొక పొరపాటు చేసే అవకాశముంది. రాజులను తోసేసి దాతలను వారిచోట నిలబెట్టి, "ఇదే ప్రజల చరిత్ర" అని తృప్తిపడటం. దానం చేయడానికి మిగులు వుండాలి. యీ దాతలందరూ యెంతోకొంత మిగుల్చుకోగలిగినవారే. ఆ మిగులు యెక్కడనుంచి వచ్చింది?

కృష్ణా పరీవాహక ప్రాంతపు వ్యవసాయం ఒక ఆధారం. ధాన్యకటకం అన్న పేరులోనే ధాన్యముంది. రెండవది వ్యాపారం. క్రీ.శ. 1వ శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ గ్రంథం, మసాలియా అనే తీరప్రాంతంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెబుతోంది. అది మన కృష్ణాముఖద్వార ప్రాంతమే. రోము నాణేలు ఆంధ్రదేశంలో చాలాచోట్ల దొరికాయి. 1962 తర్వాత అమరావతికి కూతవేటు దూరంలోని ధరణికోటలో జరిగిన తవ్వకాలలో నదితో కలిసే కాలువా, పడవలు ఆగే రేవుకట్టా బయటపడ్డాయి. సరుకు యెక్కి దిగిన చోటు అది. వర్తకుడు దానం చేసిన స్తంభానికి అడుగున నేతగాడి మగ్గం వుంది, పడవవాడి తెడ్డు వుంది.

ఆ మగ్గానికీ విహారానికీ సంబంధం యెలా వుండేదో చూపడానికి అమరావతిలో కాదుగాని, అదే యుగానికి చెందిన నాసిక్ గుహలో మంచి సాక్ష్యముంది. ఉషవదాతుడనే క్షాత్రప కుటుంబీకుడు 3000 కార్షాపణాలను భిక్షుసంఘం కోసం శాశ్వతనిధిగా పెట్టాడు. అందులో 2000 ఒక నేతశ్రేణి దగ్గర, నెలకు నూటికి 1 వడ్డీకి. మిగిలిన 1000 మరొక నేతశ్రేణి దగ్గర, నూటికి ముప్పాతిక వడ్డీకి. ఆ వడ్డీతో భిక్షువుల చీవరాలకూ యితర ఖర్చులకూ జరగాలి. అసలు యెప్పటికీ తిరిగి తీసుకోకూడదు. అంటే నేతశ్రేణి తరతరాలుగా నేస్తూ వడ్డీ కడుతూ వుండాలి. భిక్షువు ధ్యానంచేస్తూ వుండాలి. దాతకు పుణ్యం చేరుతూ వుండాలి. కరుణను బోధించిన ధర్మం కూడా తన కాలపు ఉత్పత్తి సంబంధాలలోనే బతికింది. ఇది బౌద్ధాన్ని నిందించడం కాదు. కర్మకాండను, పశుబలిని కాదని, వృత్తిపనివాడికి పేరు చెక్కించుకునే చోటు యిచ్చిన మతం అది. ఆ పురోగామి పాత్రనూ, దాని పరిమితినీ కలిపి చూడటమే శాస్త్రీయ దృక్పథం.

ఇక బొత్తిగా పేరులేనివారు మిగిలారు. మహాచైత్యపు అండం అడుగుభాగం వ్యాసం సుమారు 162 అడుగులు. చుట్టూ వున్న ప్రాకారపు వ్యాసం 190 అడుగులకు పైబడినది. ఆ ప్రాకారానికి 136 స్తంభాలుండి వుండాలని అంచనా. అందులోని రాయిని ఆంగ్లేయులు "అమరావతి మార్బుల్స్" అన్నారుగాని అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. దాన్ని గనిలో పగలగొట్టినదెవరు? ఒడ్డుకు చేర్చినదెవరు? పైకెత్తి నిలబెట్టినదెవరు? పనిని పర్యవేక్షించిన "నవకర్మిక" భిక్షువుల పేర్లు శాసనాల్లో వున్నాయి. పని చేసిన చేతుల పేర్లు దాదాపు లేవు. మదపుటేనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తుంటే, భయంతో ఒకరినొకరు పట్టుకున్న మనుషులనూ, మేడల కిటికీలలోంచి తొంగిచూసే స్త్రీలనూ ఒక గుండ్రని పలకలో చెక్కిన శిల్పి యెవరో మనకు తెలియదు. వీధిని అంతగా యెరిగినవాడు వీధిలో తిరిగినవాడే అయివుండాలి. ఆ పలక యిప్పుడు మద్రాసు మ్యూజియంలో వుంది.

అమరావతి శిల్పం మద్రాసులో యెందుకుందన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. మ్యూజియం చూసేవాళ్ళు అక్కడున్నవి చూస్తారు. అమరావతిలో మాత్రం లేనివాటిని కూడా చూడాలి. మహాచైత్యం వున్నచోట నేడు కనిపించేది గుండ్రని దిబ్బ, దానిచుట్టూ కొన్ని నిలువురాళ్ళు, ముక్కలు. దీని కథ చెప్పుకోదగినది.

1182 నాటికి కూడా చైత్యం పూజలందుకుంటూనే వుంది. ఆ సంవత్సరపు శాసనంలో కోట కేతరాజు బుద్ధునికి అఖండదీపాలు పెట్టించి భూములిచ్చాడు. ఆ శాసనం అమరేశ్వరాలయంలోనే వుంది. సింహళంలోని గడలాదెనియ శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో ఒక బౌద్ధమందిరాన్ని బాగుచేయించాడని 1344లో చెబుతోంది. ఆ తర్వాత మరుపు కమ్మింది. ప్రజలు దాన్ని దీపాలదిన్నె అన్నారు. దీపాలెందుకో మరిచిపోయినా పేరు మాత్రం నిలిచింది.

1797 ప్రాంతంలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లినుంచి తన రాజధానిని అమరావతికి మార్చాడు. కొత్త పట్టణానికి రాయీ యిటుకా కావాలి. దిన్నెను తవ్వారు. ఆ సంగతి విని కాలిన్ మెకంజీ అనే కంపెనీ సైనికాధికారి వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వే పని నడుస్తోంది. మెకంజీ బృందం చేసిన చిత్రాలు లేకపోతే యీనాడు యెన్నో శిల్పాల రూపం కూడా మనకు తెలిసేది కాదు. మెకంజీ పేరుతో నడిచిన యీ విజ్ఞానం వెనుక కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులవంటి తెలుగువారి పాండిత్యమున్నదని కూడా గుర్తుంచుకోవాలి.

అక్కడినుంచి రాళ్ళకు ప్రయాణాలు మొదలయ్యాయి. కొన్ని కలకత్తాకు, కొన్ని లండనుకు. కొన్నిటిని మచిలీపట్నంలో ఒక కలెక్టరు బజారుకూడలికి అలంకారంగా నిలబెట్టించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపినవి అక్కడ యేళ్ళతరబడి ఆరుబయట యెండకూ వానకూ పడివున్నాయి. 1859లో వాటిని ఓడ యెక్కించారు. లండన్ చేరాక వాటికి దొరికిన చోటు ఒక గుర్రపుబండ్ల కొట్టం. 1867లో ఫెర్గుసన్ అనే పండితుడు అక్కడ వాటిని కనుగొన్నాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 120కి పైగా శిల్పాలు యీనాటికీ ఆ మ్యూజియం సొత్తుగానే వున్నాయి. అదే 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఉత్తరువుమీద దిన్నెనంతా వూడ్చిపెట్టినట్లు తవ్వించారు. యే రాయి యెక్కడ, యే దిక్కున, యే పొరలో దొరికిందో రాసిపెట్టినవారు లేరు. మరుసటి సంవత్సరం వచ్చిన బర్జెస్‌కు మిగిలింది చెల్లాచెదరైన రాళ్ళే.

రాయిని తరలించడం ఒక నష్టం. రాయి చోటును చెరిపెయ్యడం అంతకంటె పెద్ద నష్టం. తరలించిన రాయిని యెప్పటికైనా తిరిగి తేవచ్చు. చెరిగిన చోటును తేలేం.

దీన్ని కేవలం ఆంగ్లేయుల దోపిడీగా చెప్పి ముగించడం మన జాతీయవాదులకు యిష్టమైన పద్ధతి. దోపిడీ నిజం. సామ్రాజ్యవాదం పరాయిదేశాల గతాన్ని కూడా తన గిడ్డంగిలో పెట్టుకుంది. కాని మొదటి గునపం జమీందారుది. సున్నంకోసం శిల్పాలను బట్టీలలో కాల్చింది స్థానికులే. ఆ రాయికి చెక్కడానికి వీలైన మెత్తదనాన్ని యిచ్చిన గుణమే దాన్ని మంచి సున్నంగా కూడా మార్చింది. తన చరిత్ర తనకు తెలియకుండా చేయబడిన ప్రజకు శిల్పం సున్నపురాయిగానే కనిపిస్తుంది. నేరం ఆ కూలీది కాదు. ఆ అజ్ఞానాన్ని అతనికి కూలితోపాటు యిచ్చిన వ్యవస్థది.

గర్వం కూడా రాళ్ళను యెలా మింగుతుందో చూపడానికి మరొక ఉదాహరణ చాలు. అమరావతి శాసనంలో కనిపించిన "నాగబు" అన్నదాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తొలి తెలుగుమాటగా గుర్తించారు. అది నాగబుద్ధి వంటి ఒక మనిషిపేరులో విరిగిన ముక్క కావచ్చునని సంశయించినవారూ వున్నారు. వాదం పండితులు తేలుస్తారు. కాని మన భాషకు రెండువేల యేళ్ళ ప్రాచీనత కావాలని తొందరపడే మనం, ఆ ముక్కవెనుక ఒక మనిషి వుండివుండవచ్చునని ఆలోచించం. అలాగే 2015 అక్టోబరు 22న ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగినప్పుడు దానికి యీ వూరి పేరే పెట్టుకున్నారు. పేరు అరువు తెచ్చుకోవడం తేలిక. ఆ పేరు వెనుకనున్న చర్మకారుణ్ణీ, భిక్షుణినీ, నిగమాన్నీ, దమిళ కణ్హుణ్ణీ కూడా తెచ్చుకున్నప్పుడే ఆ అరువు తీరుతుంది.

లండనులో వున్న రాళ్ళను తిరిగి తేవాలన్న కోరిక న్యాయమైనది. దాన్ని మనమూ బలపరచాలి. అయితే వాటికోసం యెదురుచూస్తూ చేతిలో వున్నవాటిని చదవకుండా వుండటానికి కారణం లేదు. ఉపాధ్యాయ మిత్రులకు నా సూచనలు మూడు. మొదటిది: విద్యార్థులను మ్యూజియానికి తీసుకుపోయేముందు దానశాసనాల తెలుగు అనువాదాన్ని వారిచేతికివ్వండి. రాజుల పట్టికకన్న ముందు దాతల పట్టిక చదివించండి. దాతల పట్టిక చదివాక అందులో యెవరు లేరో అడగండి. రెండవది: కళ యే వంశానిదన్న ప్రశ్నతోపాటు, రాయి యే గనిది, కూలి యెవరిది, ఖర్చు యెవరిది అన్న ప్రశ్నలు కూడా పరీక్షపేపరులోకి తెండి. మూడవది: యే వూళ్ళోనైనా చెట్టుకింద, చెరువుగట్టున, గుడిగోడలో శాసనమున్న రాయి కనబడితే, దాన్ని కదిలించకుండా వున్నచోటే వుంచి, ఆ చోటును రాసి, ఫొటో తీసి, పురావస్తుశాఖకు తెలపండి. 1880లో ప్రభుత్వం చేయని పని యిది. చదువుకున్న ప్రతి విద్యార్థీ చేయగలిగిన పని కూడా యిదే.

చర్మకారుడు విధికుడు తన కొడుక్కి తాతపేరు పెట్టుకున్నాడు. నాగుడనే ఆ పిల్లవాడి పేరును కూడా రాతిమీద చెక్కించాడు. తన తర్వాతి తరం దాన్ని చదువుతుందన్న నమ్మకం లేకపోతే అతడా పని చేసివుండడు. ఆ తరవాత వచ్చిన యెన్నో తరాల తోలుపనివారి పిల్లలకు అక్షరమే నిషిద్ధమైంది. వారి మనుమలు నేడు మన కళాశాలల్లో కూర్చుని చరిత్రపాఠం వింటున్నారు. ఆ పాఠంలో విధికుడి పేరు వినిపిస్తుందా లేదా అన్నది యే మ్యూజియమూ తేల్చదు. పాఠం చెప్పే మనమే తేల్చాలి.